గఫూర్ సాబ్ తెరిపించిన కళ్లు

1978లో జహీరాబాద్ స్టేషన్ రోడ్డులో నాకు ఫోటో స్టూడియో ఉండేది. పక్క గదిలో గఫూర్ సాబ్ బొమ్మలు వేసేవారు. పోర్ట్రెయిట్, అంటే మనిషి ముఖచిత్రం వేయడంలో ఆయన పేరు బీదర్ దాకా పాకింది. ఎంత పెద్ద దొరలైనా ఆయన ముందు కిక్కురుమనకుండా కూర్చునేవారు. నా చాయ్‌లో సగం మాత్రం రోజూ ఆయన సాసర్‌లోకే పోయేది.

ఆ ఎండాకాలం న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి అంజమ్మ అనే ఆమె వచ్చింది. వెంట అత్త, భర్తకు అన్న అయిన బావ, చంకలో మూడేళ్ల కూతురు. బిడ్డ కడుపులో ఉండగానే భర్త పోయాడట. ఉన్నది ఒక్కటే ఫోటో, పోయినరోజు కుర్చీలో కూర్చోబెట్టి తీసింది. అలాంటి ఫోటోలు మా దగ్గరికి చాలా వచ్చేవి. వాటిని కుంచెతో దిద్దడాన్నే రీటచింగ్ అనేవాళ్లం. అంటే మూసిన కళ్లు తెరిపించడమే.

"గీ ఫోటో సూస్తే బిడ్డ జడుసుకుంటది సాబ్. నాయిన అంటేనే ఏడుస్తది," అంది అంజమ్మ.

"కండ్లు ఎట్లుంటుండె?" అని అడిగారు గఫూర్ సాబ్.

"పులి లెక్క," అన్నాడు బావ.

"కాదు, గంగిగోవు లెక్క," అంది అత్త.

పులినీ ఆవునూ ఒకే ముఖంలో ఎలా కట్టేస్తారో నాకైతే అర్థం కాలేదు. అంజమ్మ మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కుంది. అత్త, బావల ఎదుట భర్త ముచ్చట తీయడం వాళ్ల ఇంట్లో మర్యాద కాదు.

గఫూర్ సాబ్ నాకు కన్ను గీటి, "భాయ్, అమ్మకు, అన్నకు జర చాయ్ తాగిపియ్," అన్నారు. ఇద్దరినీ ఎదుటి హోటల్లో కూర్చోబెట్టి వచ్చాను.

"బేటీ, నీతోని పరాచికమాడినప్పుడు ఎట్ల సూస్తుండె?" అని అడుగుతున్నారాయన.

అంజమ్మ సిగ్గుపడింది. తర్వాత కొంగు తీసి, తల కొద్దిగా వంచి, ఒక కనుబొమ్మ ఎగరేసి, నవ్వు ఆపుకుంటున్నట్టు మూతి బిగించింది. "గిట్ల. నేను అలిగితే గిట్లనే సూసేటోడు," అంటూనే ఏడ్చేసింది. ఆయన అప్పటికే గీస్తున్నారు.

బొమ్మ పూర్తయ్యాక అందరూ వచ్చారు. బావకు కోపమొచ్చింది.

"గోడకు పెట్టే పటంల గీ ఎకసెక్కం ఏంది సాబ్?"

"నువ్వు ఊకోరా," అని అత్త అతన్ని పక్కకు జరిపింది. "నా కొడుకే గీడు."

మేమందరం పిల్లవైపు చూశాం. అది తల్లి భుజంలో ముఖం దాచుకుంది. కాసేపటికి తొంగి చూసింది, మళ్లీ దాక్కుంది, మళ్లీ చూసింది.

"అమ్మా, నాయిన నాతోని ఆడుతుండు!" అని కిలకిలా నవ్వింది.

గఫూర్ సాబ్ అటు తిరిగి కుంచెలు కడుక్కున్నారు. ఆ మనిషిని నేను ఎంత ప్రేమించానో నాకు ఆ రోజే తెలిసింది. పని కూడా ఆ రోజే నేర్చుకున్నాను. ముఖం ఫోటోలో దొరుకుతుంది. చూపు మాత్రం, అది ఎవరి మీద పడిందో వాళ్ల దగ్గరే దొరుకుతుంది.