పడవకెక్కిన పంపుసెట్టు

మా మరిది పోయినాడని బంగారుపాళ్యం నించి బస్సులో వచ్చిన మనిషి తడ ఊర్లో మా వాకిట్లో నిలబడి చెప్పినాడు. "నీళ్ళల్లోనా?" అని అడిగినాను నేను. కాదంట. మధ్యాన్నం సంగటి తిని మంచం మీద వాలినోడు మళ్ళీ లేవలేదంట. ఇంజను మీద పడుతుందని, బావిలో జారతాడని, కరెంటు కొడుతుందని ఆయప్ప కోసం నేను ఎన్ని విధాల భయపడినానో. వాటిలో ఏ విధంగానూ పోలేదు.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. తప్పులుంటే మీరే సర్దుకోండి. మా ఆయన తమ్ముడి గురించి ఎవరో ఒకరు చెప్పకపోతే ఎట్లా అని రాస్తా ఉండాను.

మా ఆయన పులికాటు సరస్సులో షికారు పడవ నడిపేవాడు. సెలవలకి మదరాసు నించి వచ్చేవాళ్ళని ఎక్కించుకుని కొంగలు చూపించుకుని వచ్చేది. తెల్లటి పడవ, మెత్తటి సీట్లు, పెట్రోలు ఇంజను. ఒక ఎండాకాలం ఆ ఇంజను నిలబడిపోయింది. దాని సామాన్లు యాడా దొరకలేదు. పడవ సొంతదారుని మేము ముదలాళి అనేవాళ్ళం. "నడిస్తే నడవనీ, లేకుంటే అమ్మేస్తా" అన్నాడాయన. పడవ పోతే మా ఆయనకి పని లేదు. ఇంకో పని చేతకాదు కూడా. పొయ్యి ముందర కూర్చున్నా నాకు అదే దిగులు.

మరిది మామిడి తోటల్లో ఆయిలింజన్లు బాగుచేసేవాడు. కబురు పంపితే లారీలో పాత పంపుసెట్టు ఇంజను ఒకటి వేసుకుని దిగినాడు.

"ఇది తోటకి నీళ్ళు తోడేది కదప్పా. పడవని యాడ లాగుతుంది?"

"ఇన్నాళ్ళూ నీళ్ళని తన కాడికి లాక్కునింది వదినా. ఇప్పుడు తనే నీళ్ళ కాడికి వచ్చింది."

"ఆ బరువుకి మునిగితే?"

"మునిగితే నడుం లోతు. అన్న నడుచుకుంటా ఇంటికొస్తాడు. నువ్వు అన్నం వార్చిపెట్టు."

అట్లా ఎగతాళి చేసేవాడే గానీ, నేను మునుగుతుందేమో అన్నానని వెనక సీట్లు పీకేసి ఇంజన్ని పడవ నడిమికి జరిపినాడు. నిప్పంటుకుంటుందేమో అన్నానని ఇసక బకెట్టు కట్టినాడు. "నీ పని భయపడేది, నా పని బిగించేది. ఇద్దరం పనిలోనే ఉండాం" అనేవాడు. ఉప్పునీళ్ళు ఇంజన్ని తినేస్తాయని, అది చల్లబడేదానికి పడవలోనే ఒక డ్రమ్ము పెట్టినాడు. దాన్ని బావి నీళ్ళతో నింపే పని నాకిచ్చినాడు.

పడవ దించేరోజు ముదలాళి వచ్చినాడు. జనమంతా గట్టున చేరినారు. టెంకాయ కొట్టినాం. కొత్త బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెడతాం, పడవకి యాడ పెట్టేది? మరిది దాన్ని పడవ ముందర నీళ్ళలో వేసినాడు. హ్యాండిలు తిప్పగానే ఇంజను దుగ్ దుగ్ మని లేసింది. పడవ మాత్రం వెనక్కి పోయింది. మా ఆయన చుక్కాని ఎటు తిప్పినా వెనక్కే పోయి బురదలో కూర్చునింది.

"నిమ్మకాయని చూసి జడుసుకున్నట్టుండాదే" అన్నారెవరో. గట్టంతా నవ్వింది. నేను నవ్వలేదు. ముదలాళి ఇంటికి పోయేదానికి చెప్పులు తొడుక్కుంటా ఉండాడు.

మరిది మొగం చిన్నబోయింది. "పొలంలో ఇంజను తప్పుగా తిరిగితే దాని మొగం అటు తిప్పి పెడతాం. ఈడ తిప్పేదానికి చోటు యాడుండాది?" అని గొణుక్కున్నాడు. కాసేపు అట్లనే చూసి, ఇంజను నించి పడవ కింది రెక్కని తిప్పే బెల్టు ఊడదీసి, రెక్క ఎదురు తిరిగేటట్టు ఎనిమిది అంకె మాదిరి మెలిపెట్టి మళ్ళీ తగిలించినాడు. "చెప్పులు విడువు ముదలాళీ" అన్నాడు. ఈసారి పడవ నిమ్మకాయని పక్కకి నెట్టుకుంటా ముందుకి పోయింది. మా ఆయన వెనక్కి తిరిగి నాకేసి చూసినాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత మదరాసు వాళ్ళకి శబ్దంతో కష్టమొచ్చింది. మాటలు వినబడవంట, కొంగలు లేచిపోతాయంట. ముదలాళి పెద్ద సైలెన్సరు పెట్టమన్నాడు. నేను డ్రమ్ము నింపుతా వింటానే ఉండాను.

"తగ్గిస్తా గానీ దాని నోరు పూరాగా ముయ్యను ముదలాళీ" అన్నాడు మరిది. "ఆ పెట్రోలు ఇంజనైతే పడవ మలుపు తిరగ్గానే వదినకి వినబడేది కాదు. గట్టు మీదనే నిలబడిపోయేది, కూడు కూడా తినేది కాదు. ఇది వినబడితే ఇంట్లో పని చేసుకుంటుంది."

భయపడొద్దని నాకు చెప్పినోళ్ళు చానామంది. నా భయానికి కూడా పడవలో చోటు చూసినోడు ఆయప్ప ఒక్కడే.

"ఆ దుగ్ దుగ్ మధ్యలో ఒక దెబ్బ తప్పితే?" అని అప్పుడే అడిగినాను. "గాలి పీల్చుకుంటా ఉండాదనుకో, వదినా" అన్నాడు.

బంగారుపాళ్యంలో మరిది కర్మాంతరం ముగించుకుని తడకి వచ్చినాక మా ఆయన మళ్ళీ పడవెక్కినాడు. హ్యాండిలు తిప్పినాడు. నేను ఖాళీ బిందె పట్టుకుని గట్టున నిలబడినాను. పడవ మలుపు దాటింది. శబ్దం సన్నబడి, ఒక దెబ్బ తప్పింది. నేను కూడా ఊపిరి పట్టుకున్నాను. దూరంగా మళ్ళీ అందుకునింది. దుగ్, దుగ్, దుగ్.