లష్కర్ అన్న ప్రశ్న

బోధన్ దగ్గర నిజాంసాగర్ కాలువ మీద తూములు చూసే లష్కర్ మా అన్న. చెరుకు మడులకు నీళ్లు సన్నబడితే చాలు, సైకిలెక్కి ఉరికేవాడు. తన మూత్రం సన్నబడ్డప్పుడు మాత్రం సిగ్గుతో ఆర్నెల్లు దాచాడు. వదిన దవాఖానకు గుంజుకుపోతే ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది. ఇంకా ముదరలేదు కాబట్టి నయమైంది. ఆ సిగ్గు కూడా దాంతోనే పోయింది.

నా బిడ్డ పెళ్లి బంతిలో కొత్త వియ్యంకుణ్ణి గట్టిగా అడిగాడు: "బావా, రాత్రి ఒంటికి ఎన్నిసార్లు లేస్తున్నరు?"

బంతంతా ఘొల్లుమంది. బావ కూడా నవ్వుతూ వేళ్లు ముడవసాగాడు. ఐదో వేలి దగ్గర నవ్వు ఆగింది.

సోమవారం ముగ్గురం నిజామాబాద్ వెళ్లాం. పరీక్షలు చూసి, క్యాన్సర్ కాదు, మందులు చాలన్నాడు డాక్టర్. సంతోషం పట్టలేక నేను పగలబడి నవ్వాను.

అన్న నావైపు తిరిగాడు. "నీకూ యాభై దాటినయి గద తమ్మీ. నువ్వెన్నిసార్లు?"