బిల్లడిగిన మా తోడికోడలు

మా తోడికోడలు మొన్న మంగళవారం తెల్లారకట్ట పోయింది. కబురు వినగానే మా ఆయన భోరుమన్నారు. నేను పోయినా అంత ఏడుస్తారా అన్న అనుమానం నాకు అక్కడికక్కడే వచ్చింది. చావింట్లో కూడా అసూయ చెప్పుల దగ్గర ఆగిపోదు.

ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేసి రిటైరైంది. నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అరసవల్లిలో ఎదురెదురు ఇళ్ళు. పొద్దున్నే వీధి వీధంతా మందుల అట్టలు పట్టుకుని ఆవిడ అరుగెక్కేది. నా అరుగెక్కి ఛందస్సు అడిగినవాడు లేడు.

ఒక ఏడాది మా ఆయనకి బీపీ ఎంతకీ దిగలేదు. "నీ ఆవకాయే నన్ను సంపుతాది" అని కంచం ముందు రోజూ ఇదే పాట. జాడీ అటకెక్కించాను. అయినా ఒకనాడు గుమ్మంలో కళ్ళు తిరిగి పడ్డారు. ఆవిడ పరిగెత్తుకొచ్చి మందు అట్ట అడిగింది. కత్తిరించిన ముక్క. బ్యాచి నంబరున్న కొస మందుల కొట్టువాడి దగ్గరే ఉండిపోయింది.

"బిల్లేదీ మరిదీ?"

"ఆడు నన్ను మావా అంటాడు వదినా. బిల్లేటని అడుగుతాను?"

మా వైపు అంతే. మావా అని పిలిచినవాణ్ణి బిల్లడిగితే వాడి పుట్టుక అడిగినట్టే.

"మొగమాటానికి మందు మింగితే పాడెక్కేది నువ్వు, ఆడు కాదు" అంది. నావైపు తిరిగి, "ఒసే సెల్లీ, తప్పు నీ ఉప్పుది కాదే, ఈ మందుది" అంది. అదే మాట నేను నెలల తరబడి మొత్తుకున్నాను. ఆయన నమ్మింది అప్పుడు!

మర్నాడే ఆ కొట్టుకెళ్ళి అదే మందు కొని, బిల్లు రాసేదాకా కదల్లేదట. "మనోళ్ళమే కదత్తా" అంటే, "మనోళ్ళమే గనక రాయరా" అందట. మందూ బిల్లూ డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి అప్పగించింది. కాళ్ళు విరగ్గొడతారని చుట్టాలు భయపెట్టారు. ఆవిడ వినలేదు. అందులో మందన్నదే లేదని పరీక్షలో తేలింది. కొట్టుకి తాళం పడింది. అసలు మందు పడ్డాక మా ఆయన తేరుకున్నారు. వాట్సాప్ నిండా ఆవిడకి దండాలే. నా ఆవకాయ నిర్దోషి అని మాత్రం ఒక్కరూ రాయలేదు.

నా పసుపుకుంకుమలు ఆవిడ నిలిపినవే. ఆ రుణం ఒప్పుకుంటాను. కుళ్ళు మాత్రం తగ్గనంటోంది.

నిన్న ఆయన కొత్త అట్ట తెచ్చి, ఎదురింటికి కాకుండా మొట్టమొదటిసారి నా చేతికిచ్చి "సూడవే" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని పేరు, బ్యాచి, గడువు, అన్నీ బిల్లుతో సరిచూశాను.

"బాగానే ఉంది, వేసుకోండి" అన్నాను.

మాత్ర అరచేతిలో పెట్టుకున్నారు. నీళ్ళ గ్లాసు అందుకోలేదు. మూసి ఉన్న ఎదురింటి తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు.