కత్తెర పిన్ని కోసిన వరసలు

డ్రాగన్ ఫ్రూట్ తోటలున్న ఆ చుట్టుపక్కల ఆమెను అందరూ కత్తెర పిన్ని అంటారు. కొమ్మలు కత్తిరించడంలో ఆమెకు సాటి లేరు. ఆ సంగతి ఎవరూ అనకపోతే తానే చెప్పుకునేది. తొమ్మిదేళ్లుగా ఆమె కత్తెరను ఇంకొకరు ముట్టింది లేదు. ఒకదాని తెగులు ఇంకోదానికి అంటకుండా మొక్క మొక్కకూ దాన్ని బ్లీచింగ్ నీళ్లలో ముంచమని తోటల అధికారి చెబితే, తుప్పు పడితే మీరు కొనిస్తారా అని ఆయన నోరు మూయించింది.

ఇప్పుడు సొంత అక్క తోటకే మచ్చ తెగులు పట్టింది. పచ్చటి కాడల మీద ముందు నారింజ రంగు చుక్కలు, తర్వాత గుంటలు, ఆపైన కుళ్లు. రాగి మందు మూడుసార్లు కొట్టించినా తగ్గలేదు. అక్కకు కోపం నషాళానికి అంటింది. మందుల కొట్టతన్ని తోటకే పిలిపించి, నువ్వు అమ్మింది నకిలీ మందు, ఇవాళే ఫిర్యాదు రాసి నీ కొట్టు మూయిస్తానని పట్టుబట్టింది. అతను అసలే నోట్లో నాలుక లేని మనిషి. డబ్బా చేత్తో పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

మొక్కలు పాకించిన స్తంభాల్లో పాడైనవెన్నో లెక్కపెట్టి రమ్మని అక్క పంపితే పిన్ని హుషారుగానే బయల్దేరింది. సగం తోట తిరిగేసరికి ఆమె లెక్కపెట్టడం మానేసింది. తెగులు పట్టిన ఆరు వరసలూ తాను కోసినవే. అక్కా బావా మొద్దు కత్తెరను బ్లీచింగ్ బకెట్లో ముంచుకుంటూ అడ్డదిడ్డంగా కోసిన వరసల్లో ఒక్క చుక్క లేదు. మందేమో తోటంతా ఒకటే. ఈ ఆరు వరసలు కోసిన రోజు తాను వేరే తోటలో కుళ్లిన కాడలు కోసి నేరుగా ఇక్కడికొచ్చింది. లోపలికి దిగిన తెగులును పైన కొట్టిన మందు ఏం చేస్తుంది?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే రేపటి నుంచి ఏ తోటలోనూ అడుగు పెట్టనివ్వరు. పిన్నికి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

"ఎన్ని?" అంది అక్క, కలం పట్టుకుని.

"అతన్ని వదిలెయ్యక్కా. మందు మంచిదే. తెగులు నా కత్తెరతో వచ్చింది. మచ్చ కాడలన్నీ కోసి పూడ్చేసి, అప్పుడు కొట్టించు."

కొట్టతను డబ్బా కింద పెట్టాడు. అక్క తిట్లకు లంకించుకుంటుందని పిన్ని తల దించుకుంది. అక్క కలం పక్కన పెట్టింది.

"మా తోట తర్వాత ఎవరెవరివి కోశావు?"

ఆ సంగతి పిన్నికి అంతవరకూ తట్టనే లేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నాలుగు దగ్గర ఆగింది.

"వాళ్లకి నువ్వే చెప్పు. నేను చెబితే చాడీ అవుతుంది," అంది అక్క.

మొదటి తోట ముసలాయన ఆమెను గేటు దగ్గర చూడగానే సంబరపడిపోయాడు. నువ్వు కోసి వెళ్లాక చిగుళ్లు భలే వస్తున్నాయమ్మా అంటూ కుర్చీ లాగి, మంచినీళ్లు తెమ్మని లోపలికి కేకేశాడు.

పిన్ని కూర్చోలేదు.

"ముందు నేను చెప్పేది విను బాబాయ్. విన్నాక కూడా ఇస్తే తాగుతాను."