బోల్టుల్లేని ట్యాంకు స్టాండు కోసం సిరిసిల్ల దాకా

పొద్దున ఏడింటికి జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కాను. సిరిసిల్లకు పోయేవాడు కోరుట్ల ఎందుకు పోతాడని అడగకండి. బోల్టులకు తూట్లు వేసే నా డ్రిల్లింగ్ మిషన్ అక్కడుంది. తెలిసిన వెల్డరు నాలుగు రోజులకని తీసుకుపోయాడు. అది పుట్టింటికి పోయిన కోడలిలా అక్కడే ఉండిపోయింది.

ప్రయాణానికి కారణం భూకంపం. మొన్న మా వైపు భూమి కాస్త కదిలింది. గిన్నెలు చప్పుడు చేశాయి, జనం బయటికి ఉరికారు. నా గదిలో నేనొక్కణ్ణే కాబట్టి ఎవరినీ నిద్ర లేపే పని పడలేదు. సాయంత్రం సిరిసిల్ల నుంచి వదినె ఫోను. వాళ్ల స్లాబు మీది నీళ్ల ట్యాంకు స్టాండు కాళ్లెత్తి ఊగిందట. అది పడితే పక్కింటి బాలయ్య మరమగ్గాల షెడ్డు మీదే పడుతుంది. బోల్టులన్నా బిగించండి, లేకపోతే పాత ఇనుము కింద అమ్మెయ్యండి అని బాలయ్య పట్టుబట్టాడట.

ఆ స్టాండు నేనూ లింగన్నా కలిసి చేసిన ఆఖరి పని. లింగన్న వదినె భర్త. నేను ఏడో తరగతిలో బడి వదిలి వెల్డింగుకు వచ్చినప్పటి నుంచి మాది జోడీ. జోకు వేయడం నా పని, నవ్వడం ఆయన పని. ఆయన పోయాక నా పని సగమే నడుస్తోంది. స్లాబుకు తూటు వేస్తే వాననీళ్లు దిగుతాయని ఆయన ఏ స్టాండునూ బిగించనిచ్చేవాడు కాదు. కాళ్ల కింద వెడల్పాటి ఇనుప ప్లేట్లు పెట్టి వదిలేసేవాడు.

కోరుట్లలో మిషన్‌ను విడిపించుకుని, చాయ్ తాగి, వేములవాడ బస్సు పట్టుకున్నాను. నేరుగా సిరిసిల్ల బస్సు కోసం ఎదురుచూడకండి, వేములవాడలో మారడమే సుఖం. బస్సు నిండా ఆడవాళ్లే, అందరివీ ఉచిత టికెట్లు. డబ్బిచ్చి కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే కనుక బస్సు నాదే అన్నట్టు కూర్చున్నాను. ఈ మాట కండక్టరుకు చెబితే నవ్వలేదు.

రుద్రంగిలో ఒకామె ఎక్కి, మిషన్‌ను నా ఒళ్లోకి జరిపించి పక్కన కూర్చుంది. ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతుందట. స్టాండు సంగతి చెప్పాను. ఆమె నీళ్ల బాటిల్‌ను ఒడిలోని పుస్తకం మీద నిలబెట్టింది.

"అడుగు గట్టిగ పట్టుకున్నమనుకో అన్నా, ఊపంత దాని నడుముల వడ్తది. ఇడిసిపెడితే అడుగు జరంత లేపి మళ్ల కూసుంటది."

"గట్లయితే ఇడిసిపెట్టుడే మంచిదా మేడం?"

"ఊకె ఇడిసిపెడితే ఎట్ల? బాటిల్ మెత్తగుంటే అదీ వంగుతది, అడుగూ లేస్తది, రెండు ఊపులు కల్సి పడ్తది. కాలు లేవాలె గని జారొద్దు. మరీ పక్కకు ఒరగకుంట చూడాలె."

బస్సు గుంతలో పడింది. బాటిల్ కాలెత్తి, కాసేపు ఆలోచించి, మళ్లీ కూర్చుంది. ఆమె వేములవాడలో దిగిపోయింది. పక్క సీట్లోకి మళ్లీ మిషన్ వచ్చింది.

పదకొండు దాటాక సిరిసిల్లలో దిగి ఆటోలో వదినె ఇంటికి వెళ్లాను. వీధంతా మగ్గాల చప్పుడు. స్లాబు మీద బాలయ్య ముందే నిలబడి ఉన్నాడు. తన ఇంటి మీది స్టాండును చూపించి, "నాది సూడు, బోల్టులేసిన. ఇంచు గూడ కదల్లే. మీది బతుకమ్మ ఆడింది" అన్నాడు.

వంగి చూశాను. మా స్టాండు కాలి ప్లేటు పక్కన అర అంగుళం వెడల్పున పాత తుప్పు అచ్చు కనిపించింది. కాలు లేచి, అంత దూరంలో దిగింది. ఇనుము మాత్రం ఎక్కడా వంగలేదు. తర్వాత పిట్టగోడ దాటి బాలయ్య స్టాండు దగ్గరికి పోయాను. బోల్టు పైనే వెల్డింగులో సన్నటి నెర్ర, బోల్టు చుట్టూ స్లాబులో ఇంకొకటి. బాలయ్యను పిలిచి వేలితో చూపించాను. ఆయన కూర్చుని, నెర్ర మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా గోరు నడిపించాడు.

"గిప్పుడేం జేస్తవ్?" అన్నాడు.

మిషన్ సంచిలోంచి తీయనే లేదు. ప్రతి ప్లేటు చుట్టూ వేలెడు సందు వదిలి సిమెంటు గట్టు కట్టాను. కాలు లేవొచ్చు, నడిచిపోలేదు. స్టాండు నడుము నుంచి షెడ్డుకు అవతలి వైపు పిట్టగోడ కొక్కేలకు రెండు ఇనుప తాళ్లు వదులుగా కట్టాను. కాస్త ఊగొచ్చు, షెడ్డు మీదికి ఒరగదు. బాలయ్య తాళ్లు లాగి చూసుకుని ఇక ఉండనీ అన్నాడు. సాయంత్రంలోపు తన స్టాండు కాలికి వెల్డింగు చేయించుకున్నాడు.

వదినె అన్నం, పచ్చిపులుసు పెట్టింది. నేను తింటుంటే స్లాబు వైపు చూస్తూ అడిగింది.

"బోల్టులేస్తే ఇగ సూడ పనిలేకుండె గదా తమ్మీ?"

"లేకుండె వదినె. గిప్పుడైతే ఏడాదికోపాలి తాళ్లు, గట్లు ఎవలన్న సూడాలె."

"ఎవలన్న ఎందుకు, నువ్వే రా" అంది.

చీకటి పడుతుంటే వేములవాడలో జగిత్యాల బస్సెక్కాను. భూకంపం సిరిసిల్లలో పెద్దగా ఏమీ కదిలించలేదు. నాకు మాత్రం ఏడాదికోసారి పోవడానికో ఇల్లు మిగిల్చింది. దాని మీద ఒక మంచి జోకు తోచి, లింగన్నకు చెప్పబోయినట్టే పక్కకు తిరిగాను. సీట్లో డ్రిల్లింగ్ మిషన్ ఉంది. దానికే చెప్పాను. నవ్వలేదు గానీ, బస్సు కుదుపుకు తల ఊపింది.