మేడ మీది ఊదా మిరప

మా వీధిలో పొట్టి మిరప అంటే పక్కింటి పిన్నిదే. నరసరావుపేటలో మిర్చికి కొదవేముంది, చలికాలం పోయేసరికి ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగానే ఉంటాయి. కానీ అవి అమ్ముకునే కాయలు. పిన్ని పెరటి కాయ ఇంట్లో వండుకునేది. బొటనవేలంత పొట్టిగా, ముడతలు పడి, కారం తక్కువగా, వాసన ఘుమఘుమలాడుతూ ఉంటుంది. నికా అయి ఈ ఊరొచ్చేటప్పుడు పుట్టింటి నుంచి గుడ్డలో మూటగట్టి తెచ్చుకున్న విత్తనం అది. ఆమె భర్త స్కూటర్ మెకానిక్. ఆయన పోయాక కూడా ఆమె ఆ పెరడును ఎండనివ్వలేదు.

ఏటా మా ప్రహరీ పక్కనున్న మిరప మొక్కల్లో ఒకదాన్ని ఎంచి ఎర్రదారం కట్టేది. ఆ మొక్క కాయలు ఎవరూ తెంపకూడదు. పండాక విత్తనం తీసి, బూడిద కలిపి దాచి, తొలకరికి నారు పోసి, ఇంటింటికీ నాలుగేసి మొక్కలు తన చేత్తో పీకి ఇచ్చేది. పిన్ని చేతివాసి అలాంటిదని, వేరేవాళ్ళు పీకితే బతకదని ఆడవాళ్ళ నమ్మకం. స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని కదా, నాకు నవ్వొచ్చేది.

మూడేళ్ళ కిందట నాకు మేడ మీద కుండీల పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో ఐదు రకాల మిరప విత్తనాలు తెప్పించాను. పసుపు రంగుది, బజ్జీల లావుది, పైకి చూస్తూ కాసేది, ఇంకా ఏవేవో. అన్నిట్లోకీ నాకు ఊదాదంటే ముద్దు. పువ్వు ఊదా, పిందె ఊదా, కొరికితే నిప్పు. ఫొటోలు తీసి స్కూల్ గ్రూపులో పెట్టి మురిసిపోయాను. కాయల నుంచి మళ్ళీ విత్తనం తీసుకునేవాళ్ళు రకాలను దూరం దూరంగా పెంచాలని ప్యాకెట్ వెనక రాసుంది. చదివాను కూడా. 'నేనెక్కడ తీస్తాను, కావాలంటే మళ్ళీ ఆర్డర్ పెట్టుకుంటాను' అనుకుని చెత్తబుట్టలో పడేశాను. తేనెటీగలు ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరవేస్తాయని ఏటా పిల్లలకు బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. గోడ అవతల ఎర్రదారం కట్టిన మొక్క ఉందన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మరుసటి ఏడు పిన్ని నారు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ పువ్వు ఊదాగా పూసింది. కాయ సన్నగా, నల్లగా దిగింది. కూరలో రెండు వేస్తే పిల్లలు ఏడ్చారు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, మా మేడ ఎప్పుడూ ఎక్కలేదు. నేను మాత్రం ఆ పువ్వు చూడగానే గుర్తుపట్టాను. ఆ సాయంత్రమే పైకెక్కి ఊదా మొక్కను వేళ్ళతో సహా పీకి, సంచిలో కుక్కి, మున్సిపాలిటీ బండిలో వేసేశాను. దొంగ పనులకు నేను ఇంత చురుగ్గా కదలగలనని నాకే తెలియదు.

కుళాయి దగ్గర ఎవరో అననే అన్నారు, "ముసలమ్మ చేతివాసి పోయిందే" అని. పిన్ని విన్నది. ఇంటికొచ్చి రెండు చేతులూ చూసుకుంటూ నాతో అంది:

"నిజమేనేమో అమ్మాయ్. నా చెయ్యే పాడైంది. మా అమ్మ ఇత్తనం మంచిదేనే."

చెప్పెయ్యాల్సింది. నోరు రాలేదు. టీచరమ్మకు ఇంత మాత్రం తెలియదా అంటారని భయం. అంతకన్నా పెద్ద కారణం లేదు, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

నోటితో చెప్పలేక చేతులతో సేవ మొదలుపెట్టాను. మందులు తెచ్చాను, కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టి పెట్టాను. మే నెలలో ఆమె వేపాకు వేసి డబ్బాలో దాచుకున్న రెండేళ్ళ నాటి మంచి కాయలు బయటికి తీస్తే, ఇద్దరం కూర్చుని తొడిమలు తీశాం. డబ్బాలో ఉన్నవన్నీ స్కూటీ మీద పెట్టుకుని మిల్లుకెళ్ళి నేనే కారం పట్టించుకొచ్చాను. "నువ్వు చానా మంచిదానివే" అంది. నాకు కాస్త బరువు దిగినట్టే అనిపించింది.

వానలు పడ్డాయి. పిన్ని నారు పొయ్యలేదు. వీధివాళ్ళు నర్సరీ నుంచి మొక్కలు తెచ్చుకుంటుంటే గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఇక ఉండబట్టలేక వెళ్ళి పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఊదా మొక్క, తేనెటీగలు, ప్యాకెట్ మీద రాత, సంచిలో కుక్కి పారెయ్యడం, అన్నీ.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?"

"బాగానే ఉంది పిన్నీ. తప్పంతా నాదే."

ఆమె ముఖం వెలిగింది. తిడుతుందేమోనని నేను తల దించుకుంటే, ఆమె నా భుజం మీద చెయ్యేసి ఆనుకుని లేచింది.

"ఓసి పిచ్చిదానా, దానికింత ఏడుపెందుకే! ఎర్రదారం మొక్క చెడితే ఏంది, అంతకు ముందేటి కాయలు డబ్బాలో ఉండయ్ గదా. ఆ ఇత్తనం..."

వంటింటి గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల గట్టు మీద, నేను పట్టించుకొచ్చిన కారం కనిపించింది.

"రెండు నెల్లు ముందు చెప్పుంటే సరిపొయ్యేది గదమ్మా" అంది, నా వైపు తిరగకుండానే.