కదలని బస్సులో సీటు

మా ఎనిమిదో తరగతి పిల్లల్ని హైదరాబాదులో పాత వాహనాల మ్యూజియానికి తీసుకెళ్లే పని నాకు అప్పగించారు. నా భార్య పోయి ఏడాది కాలేదు. నలుగురిలో తిరిగితే మంచిదని హెడ్‌మాస్టరు ఉద్దేశం. ఆయన పంపింది నలుగురిని కాదు, ముప్పై మందిని. నడికుడిలో రైలెక్కిన దగ్గర్నుంచి తలలు లెక్కపెట్టడమే సరిపోయింది, వేరే ఆలోచన రాలేదు. ఆ మేరకు ఆయన అంచనా నిజమే.

మ్యూజియంలో మొదటి హాల్లో పిల్లలు మర్యాదగానే ఉన్నారు. గుర్రబ్బండి దగ్గర ఒకడు అడిగాడు.

"గుర్రమేది సార్?"

"ఎప్పుడో చచ్చిపోయుంటుందిరా."

పాపం, అడిగినవాడు ఖాళీ బండికే దణ్ణం పెట్టాడు.

రెండో హాల్లో పాత ఎర్రబస్సు ఉంది. అక్కడే చెడింది. మా పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి గురజాల బడికి ఒకే ఒక్క బస్సులో వస్తారు. అది ఆగకముందే కిటికీలోంచి ఏదో ఒకటి లోపలికి విసిరితేనే సీటు. ఎవరి వస్తువు పడితే ఆ సీటు వాళ్లది. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఈ చట్టాన్ని కాదన్నవాళ్లను నేను చూడలేదు.

"ఒరేయ్, బస్సురా!" అని ఒక కేక వినపడింది. అంతే, అందరూ పరుగెత్తారు. కర్చీఫులు, టోపీలు, నీళ్ల సీసాలు, సగం తిన్న చిప్స్ ప్యాకెట్టు, అన్నీ కిటికీ ఊచల మధ్యనుంచి లోపలికి పోయాయి. క్లాస్ లీడరు పిల్ల నా భుజం మీది తువ్వాలు లాగి విసిరింది.

"సార్‌కి సీటాపా!"

ఈ బస్సు ఎక్కడికీ పోదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ.

నాకు మాత్రం తువ్వాలు ఒక్కటే కనపడుతోంది. నా భార్య కూడా నన్ను అడక్కుండానే దాన్ని భుజం మీదనుంచి లాగి ఇలాగే విసిరేది. నేను సిగ్గుపడితే, "నీ మర్యాదతో మాచర్ల దాకా నిలబడే పోవాల," అనేది. నన్ను బస్సులోకి తోసి, తను మజ్జిగ ప్యాకెట్లు కొనడానికి పోయేది. పక్క సీటు అడిగిన ప్రతివాళ్లకీ "మనిషొస్తది" అని చెప్పడం నా పని. ఇంట్లో వేరే తువ్వాళ్లు ఉన్నాయి. తను విసిరింది ఇదే. ఇది లేకుండా ఇంటికి పోలేననిపించింది.

కాపలా మనిషి ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"ఏం సారూ, గిది మ్యూజియమా, బస్టాండా?"

బస్సు తలుపుకు తాళం ఉంది. ఎవరూ ఎక్కకూడదని బోర్డూ ఉంది. ఆఫీసులో చెప్పిపోతే సామాన్లు తర్వాత పంపిస్తారన్నాడు.

"ఆ తువ్వాలు ఒక్కటి ఇప్పించండి చాలు," అన్నాను.

"ఒక్కదానికైనా తాళం తియ్యాల్సిందే కద సారూ," అన్నాడు.

ఈలోగా అవతల ఇద్దరు మగపిల్లలు కొట్లాటకు దిగారు.

"నా కర్చీఫు ముందు పడింది!"

"నీది సీటు మీద యాడ పడింది? కింద పడింది. కిందపడితే చెల్లదు."

"ఏంది చెల్లనిది? బాబాయ్, నువ్వు చెప్పు!"

ఆ బాబాయ్ కాపలా మనిషే. ఆయన కళ్లజోడు సర్దుకుని, కిటికీలోంచి తొంగిచూసి, చానాసేపు పరిశీలించాడు.

"కిందపడ్డది చెల్లదు," అని తీర్పు చెప్పాడు.

"ఈడ కూడా అన్యాయమేగా," అన్నాడు ఓడినవాడు.

తీర్పు చెప్పాక ఆయన మునుపటంత గట్టిగా ఉండలేకపోయాడు. పెద్దసారు చూస్తే తన పని అయిపోతుందని గొణుగుతూ తాళంచెవి తీశాడు.

"సారొక్కడే ఎక్కాలె. అన్నీ ఏరుకొని జల్ది దిగాలె."

ఎక్కాను. కర్చీఫులు, టోపీలు, సీసాలు ఏరాను. చిప్స్ ప్యాకెట్టు కూడా తీశాను. తువ్వాలు మూడో వరుసలో ఉంది. రెండు సీట్లనూ ఆపినట్టు పరుచుకుని పడింది. ఆ పిల్లకు మంచి గురి ఉంది. తువ్వాలు కొస కొంచెం పక్కకు జరిపి కిటికీ దగ్గర కూర్చున్నాను. కాళ్లు కూడా నొప్పిగానే ఉన్నాయి.

క్లాస్ లీడరు పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేచింది.

"సార్, పక్క సీటు ఖాళీయేనా?"

"లేదమ్మా. మనిషొస్తది."

నోరు దానంతటదే అనేసింది. ఆ పిల్ల నావైపు, పక్కనున్న తువ్వాలు వైపు చూసింది. వెనక్కి తిరిగి మిగతావాళ్లకు గట్టిగా చెప్పింది.

"ఒరేయ్, సార్ పక్కన ఖాళీ లేదంట. ఎనక చూసుకోండి."